గొలుసాయన కొన్న చేపకన్ను

ఆయన్ని అందరూ గొలుసాయన అనేవారు. మెడలో గొలుసు ఉండి కాదు. ముప్పై నాలుగేళ్లు సర్వే ఆఫీసులో భూములు కొలిచాడు. ఆఖరి రోజుల్లో ఆఫీసంతా కొత్త యంత్రాలతో నిండిపోయినా తను మాత్రం పాతకాలపు ఇనుప కొలత గొలుసు భుజాన వేసుకునే తిరిగాడు. యంత్రం తప్పు చెబితే దాన్ని తిట్టలేం, గొలుసు తప్పు చెబితే అవతలి కొస పట్టుకున్నవాణ్ణి తిట్టొచ్చు అని ఆయన వాదన. తిట్టడానికి ఎదురుగా ఒక మనిషి లేకపోతే ఆయనకు పని సాగేది కాదు.

ఆయనకు ఒక నియమం ఉంది. పరికరం నిలబెట్టిన చోటుకు స్టేషన్ అని పేరు. ఎక్కడ తగాదా ఉందో అక్కడే స్టేషన్ పెట్టాలి, పెట్టాక జానెడు కూడా జరపకూడదు. ఎండకు మాడినా, వానకు తడిసినా, ఎవరి కాళ్లకు అడ్డం వచ్చినా సరే. సొంత బావగారి స్థలం కొలిచిన రోజు "కొంచెం ఇటు జరుపు బామ్మర్దీ, రెండు గజాలు కలిసొస్తాయి" అని బావ చెవిలో ఊదితే, నలుగురూ వినేలా "జరపను" అని అరిచాడు. రెండు గజాలూ పక్కవాడికి పోయాయి. బావ పోయేదాకా ఆయనతో మాట్లాడలేదు. అక్క మాత్రం మాట్లాడేది, అదీ నాలుగు పెట్టడానికే.

ఆ అక్కే పద్నాలుగేళ్ల కిందట, భర్త పోయాక, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని తమ్ముడింటికి వచ్చింది. ఆయన పెళ్లి చేసుకోలేదు. చేసుకున్నా ఎవరు వేగుతారు? ఇంటి వెనక గదిని అక్కకిచ్చాడు. ఆవిడ కాజాలు కుట్టేది. బజారులో టైలర్లు కోట్లు కత్తిరించి, కుట్టి, బొత్తాం రంధ్రాలు మాత్రం ఆవిడకు పంపేవారు. మిషన్ కాజా వేరు, చేతి కాజా వేరు. నల్ల బట్ట మీద నల్ల దారంతో, ఒక పోగు పక్కన ఒక పోగు, మధ్యలో వెంట్రుక దూరకుండా కుట్టాలి. దానికి పగటి వెలుగు కావాలి. అందుకే వెనక పెరటి వైపు కిటికీ పక్కన స్టూలు వేసుకుని పొద్దస్తమానం అక్కడే కూర్చునేది.

గొలుసాయన రిటైరయి ఇంట్లో కూర్చున్న మొదటి వారంలోనే ఆ గదిలోకి తొంగిచూసి ఉలిక్కిపడ్డాడు. పగలు పదకొండు గంటలకు ట్యూబులైటు వెలుగుతోంది.

"పట్టపగలు లైటేంటక్కా?"

"కనపడక."

"ఎందుకు కనపడదు?"

అక్క దారం కొరికి, సూది మార్చుకుంది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. పెరటి ప్రహరీ అవతల టైర్ల షాపాయన తన డాబా మీద అప్పుడే లేపిన కొత్త గోడ, దాని మీద రేకులు, రేకుల వెనక గుట్టగా పాత టైర్లు కనిపించాయి. గొలుసాయనకు ఇంక సాక్ష్యంతో పని లేకపోయింది. వెలుగు తినేసిన దొంగ దొరికాడు.

ఆ రోజు మొదలైన యుద్ధం మూడేళ్లు నడిచింది. అర్జీలు, నోటీసులు, ప్రహరీకి అటొకరు ఇటొకరు నిలబడి తిట్లు. "మా అక్క కళ్లు పోగొడుతున్నావు, నువ్వు బాగుపడవు" అని ఈయన అంటే, "మీ అక్కకి కళ్లు కనపడకపోతే కళ్లజోడు కొనివ్వవయ్యా, నా గోడ మీద పడి ఏడుస్తావేం?" అని ఆయన. ఒకరి ఇంటి చెత్త ఒకరి గుమ్మంలో తేలేది. టైరు కాలిన కంపు కావాలనే ఇటు వదులుతున్నాడని ఒక అర్జీ, అర్థరహితమైన అర్జీలతో వేధిస్తున్నాడని దానిమీద ఇంకో అర్జీ. వార్డు ఆఫీసులో ఈ ఇద్దరి ఫైలు చూస్తే గుమాస్తాలు సీట్లోంచి లేచి పోయేవారు.

ఇలాగే ఇంకో ముప్పై ఏళ్లు పోట్లాడుకునేవారేమో. కానీ ఓ నెల మొదటి రోజున టైలరు మాస్టరు రెండు కోట్లు తిప్పి పంపాడు. కాజాలు వంకర పోయాయట. అక్క ఆ కోట్లు కిటికీ దగ్గర పట్టుకుని ఒక్కో కాజానూ వేలితో తడిమి చూసింది. తర్వాత తమ్ముణ్ణి పిలిచి చెప్పింది.

"ఒరేయ్, మాస్టరు షాపు మీద ఒక గది ఖాళీగా ఉందట. రోడ్డు వైపు పెద్ద కిటికీ. నెలాఖరుకి అక్కడికి వెళ్లిపోతాను."

"ఈ వయసులో ఒక్కదానివీ అద్దెగదిలో ఉంటావా?"

"చేతిలో పని పోగొట్టుకుని నీ ఇంట్లో ఉండేకంటే నయం."

ఆయనకు భయమేసింది. భయం ఒప్పుకునే అలవాటు లేదు కనక అరిచాడు. "ఎలా వెళ్తావో నేనూ చూస్తా! నెలాఖరు లోపల వాడి గోడ దిగకపోతే నా పేరు మార్చుకుంటా!"

"నీ పేరు ఎవరు పిలిచి చచ్చారు గనక," అంది అక్క.

వార్డు ఆఫీసులో కొత్త ఆఫీసరమ్మ మునుపటివాళ్లలా లేచి పోలేదు. ఫైలు మొత్తం చదివి, కళ్లజోడు తీసి, అలసిపోయినట్టు చెప్పింది. "గోడ ఫోటోలు ఇరవై మూడు పెట్టారు. గోడ ఉందని నేనూ ఒప్పుకుంటాను. దానివల్ల ఆ కిటికీకి ఎంత ఆకాశం పోయిందో చూపించండి. అడవుల్లో చెట్ల నీడ కొలిచేవాళ్లు కెమెరాను పైకి పెట్టి చేపకన్ను లెన్సుతో మొత్తం ఆకాశాన్ని ఒకే ఫోటోలో తీస్తారు. అలాంటిది తెండి. పన్నెండో తారీఖున ఇద్దర్నీ పిలుస్తాను. అదే ఆఖరు."

కెమెరా ఉంది. అక్క కూతురు కొత్తది కొనుక్కుని, తన పాత డిజిటల్ కెమెరా మావయ్యకు ఇచ్చింది. లెన్సే లేదు. కొత్త దుకాణాల్లో ధరలు విని గొలుసాయన అమ్మేవాళ్లందర్నీ వరసగా దొంగలన్నాడు. చివరికి పాత కెమెరాలు బాగుచేసి అమ్మే ఒకావిడ దగ్గరికి వెళ్లమన్నారు ఎవరో. ఆవిణ్ణి అందరూ డాక్టరమ్మ అంటారు. మేడమెట్ల కింద ఇరుకు షాపు, గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, చెవి వెనక స్క్రూడ్రైవరు. మొహంలో నవ్వు లేదు. గొలుసాయనకు చూడగానే నచ్చింది, అందుకని గొడవ పెట్టుకున్నాడు.

"వెనకింటివాడి గోడ మీద కేసు. చేపకన్ను లెన్సు కావాలి. చవకది."

"చవకదా, మంచిదా?"

"రెండూ వేరు వేరయితే ఇది షాపెలా అవుతుంది?"

ఆవిడ బల్ల మీద ఓ పాత గుడ్డ పరిచి, దాని మీద మూడు వస్తువులు పెట్టింది.

"ఇది అన్నిటికంటే చవక. లెన్సు కాదు, మీ లెన్సు ముందు బిగించుకునే అద్దం."

ఆయన దాన్ని కంటి దగ్గర పెట్టుకుని వీధిలోకి చూశాడు. "అంచులన్నీ మసక."

"ఆ డబ్బుకి అంచులు రావు."

"రెండోది?"

"ఇది అసలు లెన్సే. ఫ్రేము నిండా బొమ్మ వస్తుంది. ఒక మూల నుంచి ఎదురు మూలకి నూట ఎనభై డిగ్రీలు. అడ్డంగా అంత రాదు, నిలువుగా ఇంకా తక్కువ. అందరూ ఇదే కొంటారు."

"మిగతాదేమవుతుంది?"

"తెగిపోతుంది."

"తెగిపోతే ఎలా? నా కేసంతా పక్కల్లోనే ఉంది!"

"అరవకండి. మూడోది చూడండి." మూడోది పిడికెడంత ఉంది. ముందు గాజు కోడిగుడ్డులా ఉబికి, దాని మీద ఓ సన్నటి గీత. "ఇది చుట్టూ చూస్తుంది. బొమ్మ గుండ్రంగా పళ్లెంలా వస్తుంది, బయటంతా నలుపు. అందంగా ఉండదని ఎవరూ కొనరు. రెండేళ్లుగా నా సొరుగులో పడి ఉంది. గీత ఫోటోలో కనపడదు. ఫోకస్, వెలుగు, రెండూ చేత్తోనే తిప్పుకోవాలి. ఫోకస్ మూడడుగుల మీదా, వెలుగు ఎనిమిది అంకె మీదా పెట్టి వదిలేస్తే దగ్గరిదీ దూరానిదీ అన్నీ స్పష్టంగా వస్తాయి. ఆటో ఫోకస్ లేదని కంగారు పడక్కర్లేదు, దీనికి దాంతో పనే లేదు."

"నూట ఎనభై చూస్తుందని నమ్మకమేంటి?"

"నేను చెబుతున్నాను కదా."

ఆ మాట ఆయనతో ఎవరూ అనకూడదు. సంచిలోంచి దారం ఉండ, సుద్దముక్క, కోణమాని, రెండు దారపు రీళ్లు తీశాడు. షాపు నేల మీద సుద్దతో గీత గీసి, దాని మీద దారం లాగి కట్టి, అటొక రీలు ఇటొక రీలు సరిగ్గా తొంభై డిగ్రీల్లో నిలబెట్టాడు. లోపలికి రాబోయిన ఇద్దరు మనుషులు గుమ్మంలోనే ఆగిపోయారు. ఒకతను దారం దాటబోతే "కాలు!" అని గద్దించాడు. డాక్టరమ్మ పళ్లు కొరుక్కుంటూ తన కెమెరాకు ఆ లెన్సు తగిలించి, గీత మధ్యలో పెట్టి క్లిక్కుమనిపించింది. గుండ్రటి బొమ్మలో రెండు రీళ్లూ అంచుల్లో ఉన్నాయి. రీళ్ల అవతల ఇంకాస్త గోడ, ఈవల గొలుసాయన రెండు మోకాళ్లూ కూడా ఉన్నాయి.

"నూట ఎనభై కంటే ఎక్కువ చూస్తోందే!" అన్నాడాయన, మోసం పట్టుకున్నవాడిలా.

"ఎక్కువిచ్చినందుకూ గొడవేనా?"

"ధర?"

చెప్పింది. ఆయన పెన్షన్లో మూడో వంతు. రెండోదాని ధర అందులో సగమే. ఆయన మొహంలో లెక్క చూసి, డాక్టరమ్మ మొదటిసారి కొంచెం మెత్తగా అంది. "వెనకింటి గోడ ఒక్కటే చూపించాలంటే రెండోది చాలు సార్. ఇది తీసుకుంటే మీ ఇల్లు కూడా పడుతుంది ఫోటోలో."

"పడనివ్వమ్మా. సగం చూసి తీర్పు చెప్పడం నా వంశంలో లేదు." డబ్బు బల్ల మీద పెట్టాడు, కొట్టినట్టే.

గంటలో తిరిగొచ్చాడు. అగ్గిమీద గుగ్గిలమైపోతున్నాడు. "చచ్చిన లెన్సు అంటగట్టావు! కెమెరాకి తగిలిస్తే క్లిక్కే పడట్లేదు. లెన్సు లేదు అని చూపిస్తోంది. ఉన్న లెన్సుని లేదనిపించే లెన్సు ఎక్కడుంటుంది?"

డాక్టరమ్మ కెమెరా లాక్కుని, వెనక మీటలు నాలుగు నొక్కి, తిరిగి ఆయన చేతిలో పెట్టింది. క్లిక్కుమంది.

"ఇందులో వైర్లుండవు. అది తగిలించినట్టు కెమెరాకి తెలీదు. లెన్సు లేకపోయినా ఫోటో తియ్యి అని కెమెరాకి చెప్పాలి. పెట్టెలో కాగితం పెట్టాను. చదివారా?"

చదవలేదు. అర్థం కాని పత్రం ఒక్కటి కూడా చదవకుండా వదలని మనిషి, ఆ చిన్న కాగితాన్ని మాత్రం చెత్తబుట్టలో వేశాడు. అయినా "కాగితం మీద అక్షరాలు చీమల్లా ఉంటే ఎవరు చదువుతారు?" అని ఒక మాట విసిరే వచ్చాడు.

మర్నాడు ఉదయం ఆయన అక్క కిటికీ బయటి గట్టు మీద కెమెరాను వెల్లకిలా పడుకోబెట్టాడు. కన్ను ఆకాశంలోకి. నీటిబుడగ మట్టంతో చదును చూశాడు, దిక్సూచితో ఉత్తరం గుర్తు పెట్టాడు. మొదటి ఫోటోలో తన బట్టతల పడింది. రెండోదాంట్లో మోచెయ్యి. ఆ లెన్సుకు కనపడకుండా నిలబడే చోటు పెరట్లో ఎక్కడా లేదు. చివరికి పది సెకన్ల టైమరు నొక్కి, గబగబా కిటికీ కింద నేల మీద బోర్లా పడుకున్నాడు.

డాబా మీద టైర్ల షాపాయన పళ్లు తోముకుంటూ ఇదంతా చూస్తున్నాడు. "ఏంటి గొలుసాయనా, నేలకి మొక్కుతున్నావా?"

"నీ పాపం కొలుస్తున్నా. దాక్కో, ఫోటోలో పడతావు."

"పడితే పడ్డాను. నీ మొహం కంటే బాగానే ఉంటుంది."

కిటికీ లోపల అక్క విసుక్కుంది. "ఒరేయ్, నా కిటికీకి అడ్డంగా ఏంటిది?"

"నీకోసమే."

"నాకోసమైతే కొంచెం పక్కకి జరుపు."

"స్టేషన్ జరపకూడదు," అన్నాడాయన నేల మీంచే.

ఫోటోను పెద్దదిగా అచ్చు వేయించుకొచ్చి, మేడ మీది తన గదిలో కూర్చున్నాడు. ఆ గది పదకొండేళ్ల కిందట తను కట్టించుకున్నది. ఆఫీసు పాత సామాను పారేస్తుంటే తెచ్చుకున్న పరికరాలు, చుట్టలు చుట్టిన మ్యాపులు, పెద్ద బల్ల, అన్నీ అందులోనే. స్థలం చాలక నాలుగడుగులు పెరట్లోకి ముందుకు లాగించాడు. వాన జల్లుకి మ్యాపులు తడుస్తాయని దాని మీంచి ఇంకో రెండడుగులు రేకు దించాడు. మూడు వైపులా కిటికీలు. మధ్యాహ్నం పూట కళ్లు చికిలించుకోవాలి, అంత వెలుగు.

పారదర్శకమైన కాగితం మీద కిటికీకి ఎదురుగా ఉండే ఆకాశాన్ని వంద సమాన గడులుగా గీశాడు. దాన్ని ఫోటో మీద పరిచి, ఏ గడిలో ఏముందో పెన్సిలుతో గుర్తు పెడుతూ లెక్కపెట్టాడు. పాత ప్రహరీ, చెట్టు, కరెంటు స్తంభం కలిపి పన్నెండు. వట్టి ఆకాశం ముప్పై. టైర్ల షాపాయన కొత్త గోడ, రేకులతో సహా, పదిహేడు.

నలభై ఒకటి మిగిలాయి.

ఆ నలభై ఒకటీ ఒకే నల్లటి ముద్ద. ఫోటో నడినెత్తి నుంచి ముందుకు వాలి, అన్నిటికంటే వెలుగున్న చోటంతా కప్పేసి ఉంది. ఒక అంచున రేకు వంపులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆయన మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి పెన్సిలు రంగు మార్చి లెక్కపెట్టాడు. నలభై ఒకటి నలభై ఒకటిగానే ఉంది. అప్పుడు తలెత్తి తన చుట్టూ ఉన్న గోడల్ని చూశాడు. ఆ నల్లటి ముద్దలోనే తను కూర్చుని ఉన్నాడు.

మొదట ఆ లెన్సు మీద ఒళ్లు మండింది. అందరూ కొనేది కొనుక్కుని ఉంటే ఈ పీడ ఉండేదా? కెమెరాను కాస్త తిప్పి, గోడ ఒక్కటే ఫ్రేములో నింపి, తన గదిని అంచు దగ్గరే తెంపేసేవాడు. ఇప్పుడైనా కత్తెర ఉంది. లేదంటే కెమెరాను కిటికీ గట్టు మీంచి తీసి, అయిదారడుగులు ముందుకు, పెరటి మధ్యలో పెడితే తన గది వెనక్కి పోతుంది, గోడ దగ్గరకొస్తుంది. ఆఫీసరమ్మకు ఏం తెలుస్తుంది? టేపు చేతిలోకి తీసుకున్నాడు కూడా. "కొంచెం ఇటు జరుపు బామ్మర్దీ" అన్న గొంతు చెవిలో వినిపించింది. టేపు బల్ల మీద పడేశాడు.

కిందికి దిగి అక్క గుమ్మంలో నిలబడ్డాడు. ట్యూబులైటు వెలుగుతోంది.

"పగలు ఈ లైటు ఎప్పట్నుంచి వేస్తున్నావక్కా?"

"ఏమో, ఎవరు రాసిపెట్టుకున్నారు?"

"టైర్లోడు గోడ కట్టాకేనా?"

అక్క సూది ఆపలేదు. "నువ్వు పైన గది వేశావు చూడు, ఆ ఏడాది వానల నుంచి."

"పదకొండేళ్లా?"

"నువ్వు పొద్దున్న ఎనిమిదింటికి వెళ్తే చీకటి పడ్డాక వచ్చేవాడివి. పగలు లైటు వేస్తున్నానో లేదో నీకెలా తెలుస్తుంది? ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూర్చున్నావు, అప్పుడు కనపడింది. అప్పుడే వాడు గోడ కట్టాడు. వాడి కర్మ."

"మరి చెప్పొద్దూ? మూడేళ్లుగా వాడితో గొంతు చించుకుంటున్నాను!"

"ఏమని చెప్పను?" ఈసారి అక్క గొంతూ లేచింది. "మొగుడు పోయి తమ్ముడింటికొచ్చి కూర్చున్నదాన్ని. ఎంతో మోజుగా కట్టుకున్నావు. నీ గది నాకడ్డంగా ఉంది, తీసెయ్ అనాలా? వాడి గోడ కూడా అడ్డమే. పోట్లాడుతున్నావు, అదన్నా పోతుందిలే అనుకున్నాను. అయినా నువ్వెప్పుడైనా అడిగావుట్రా? ఆఫీసుని అడిగావు. దిక్సూచిని అడిగావు. పెన్షన్ డబ్బు పోసి గాజుకన్ను కొనుక్కొచ్చి దాన్నీ అడిగావు. ఇక్కడే కూర్చుని ఉన్నాను, నన్ను అడిగావా?"

గొలుసాయనకు సిగ్గేసింది, ఒళ్లంతా సిగ్గేసింది. ఆ వెనకే కోపమూ వచ్చింది, కానీ ఈసారి తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు. మెల్లగా పైకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ పూట అన్నానికి కిందికి రాలేదు.

పన్నెండో తారీఖున ఫోటో తీసుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఒక్క అంచు కూడా కత్తిరించలేదు. ఆఫీసరమ్మ ఆ గుండ్రటి బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఈయన గోడ ఏది?"

"ఎర్ర పెన్సిలు. పదిహేడు గడులు."

"మరి ఈ పెద్ద నల్లటిది?"

"అది నాది. నలభై ఒకటి."

టైర్ల షాపాయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక బల్ల చరిచి, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. "మూడేళ్లు! మూడేళ్లు నన్ను దొంగన్నావు కదయ్యా! దొంగ నీ నెత్తి మీదే కూర్చున్నాడు!"

"నవ్వు, నవ్వు," అన్నాడు గొలుసాయన, మొహం ఎర్రగా కందిపోయి. "దొంగలం ఇద్దరం. నేను పెద్ద దొంగని, నువ్వు చిన్న దొంగవి. నా నలభై ఒకటి నేను దించుతాను. నీ పదిహేడు నువ్వు దించు."

"నీ నెత్తి! నేనెందుకు దించుతాను?"

"ముందు మీరు మీది తీయండి," అని ఆఫీసరమ్మ ఈయనతో చెప్పి, ఫైలు మూసింది. "ఆయనది తర్వాత చూద్దాం."

మర్నాడే మేస్త్రీ వచ్చాడు. పరికరాలన్నీ గొలుసాయన మంచం కిందికి చేరాయి, మ్యాపుల చుట్టలు వంటింటి అటక ఎక్కాయి. మొదట రేకు దిగింది. తర్వాత గోడలు, ఆ తర్వాత ముందుకు పొడుచుకొచ్చిన శ్లాబు. కూలగొట్టేటప్పుడు కూడా ఆయన దారం కట్టి, గీత తప్పిందని మేస్త్రీతో రోజూ తగాదా పడ్డాడు. "పడగొట్టేదానికి గీతెందుకు సార్?" అని మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. టైర్ల షాపాయన డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చుని చూశాడు. దుమ్ము తన టైర్ల మీద పడుతోందని కొత్త అర్జీ కూడా పెట్టాడు. అక్క మాత్రం ఓ పక్క పెట్టె సర్దుకుంటూనే ఉంది. అది చూసి, ఉంటావా వెళ్తావా అని ఆయన అడగలేదు. అడగడానికి ధైర్యం లేదు.

ముప్పయ్యో తారీఖు ఉదయం టైలరు మాస్టరు పంపిన బండి గుమ్మంలో ఆగింది. ట్రంకుపెట్టె వసారాలో ఉంది. స్టూలు, సూదుల డబ్బా, దారాల బుట్ట ఇంకా గదిలోనే ఉన్నాయి. అవి తెద్దామని లోపలికి వెళ్లిన అక్క ఎంతకీ బయటికి రాలేదు. బండివాడు ఓపిక నశించి కేకేశాడు.

"అమ్మా, ఎక్కించమంటారా?"

"ఇవాళ కాదు నాయనా."

"మరి రేపు రమ్మంటారా?"

"రేపు కూడా వద్దు."

వసారాలో నిలబడి వింటున్న గొలుసాయన బండివాణ్ణి పంపేశాడు. ట్రంకుపెట్టెను తనే మోసుకెళ్లి లోపల పెట్టాడు. నడుం పట్టేసింది, దానికి పెట్టెను తిట్టాడు. గదిలో ట్యూబులైటు ఆరిపోయి ఉంది. అక్క స్టూలు మీద కూర్చుని నల్లకోటు ఒళ్లో వేసుకుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. మొదటిసారే ఎక్కింది.

ఆయన ఆగలేకపోయాడు. కెమెరా, చేపకన్ను, నీటిబుడగ మట్టం, దిక్సూచి అన్నీ పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. ఇప్పుడెన్ని గడులు తెరుచుకున్నాయో తేలాలి. ఆ పదిహేడు అవతల అలాగే ఉన్నాయి, వాటి కోసం కొత్త ఫోటోతో కొత్త అర్జీ రాయాలి. కిటికీ గట్టు మీద పాత గుర్తు మీదే, వెంట్రుకవాసి తేడా లేకుండా, కెమెరా పెట్టాడు. నల్లకోటు మీద పిడికెడంత నీడ పడింది.

"ఒరేయ్," అంది అక్క తల ఎత్తకుండా. "అది జరుపు. వెలుగు పడట్లేదు."

డాబా మీంచి టైర్ల షాపాయన చూస్తూనే ఉన్నాడు. గొలుసాయన ఒక నిమిషం కెమెరా వంకా, ఒక నిమిషం కోటు వంకా చూశాడు. తర్వాత రెండు చేతులతో పట్టుకుని, దాన్ని జానెడు పక్కకు జరిపాడు.